పాకెట్ కింగ్స్ మీద ఆసు పడితే: ఈక్విల్యాబ్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

ఈక్విల్యాబ్ అంటే పోకర్ చేతుల గెలుపు శాతం లెక్కగట్టడానికి పోకర్‌స్ట్రాటజీ అనే శిక్షణ సైట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే విండోస్ సాఫ్ట్‌వేర్. పాతదే, చూడ్డానికి కూడా పాతగానే ఉంటుంది, బూడిద రంగు కిటికీలు, చిన్న చిన్న బటన్లు. అయినా ఇప్పుడు దీని గురించి రాయడానికి కారణం ఉంది. పోకర్ ఆడే మనవాళ్లు ఇద్దరు ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తుంది: చేతిలో రాజుల జత, ఫ్లాప్‌లో ఆసు పడింది, ఇప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు పైసా ఖర్చు లేకుండా కూర్చుని జవాబు వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు. అందుకే ఈ రివ్యూ మొత్తం ఆ ఒక్క సందర్భం మీదే, టోర్నమెంట్ల జోలికీ ఒమాహా అనే ఇంకో రకం పోకర్ జోలికీ పోను.

మనం మాట్లాడుకునేది హోల్డెమ్ అనే పోకర్ రకం, అది ఆడనివాళ్ల కోసం రెండు మాటల్లో చెప్తా. చేతికి రెండు ముక్కలు ఇస్తారు, ఆ రెండూ కలిపి ఒక ‘చేయి’, తర్వాత బల్ల మీద అందరికీ కలిపి మూడు తెరుస్తారు, అది ఫ్లాప్, ఆపైన ఒకటి టర్న్, చివరిది రివర్. పందెం వేస్తే బెట్, పెంచితే రైజ్, సరిపెడితే కాల్, ముక్కలు వదిలేస్తే ఫోల్డ్, పందెం వేయకుండా ఊరుకుంటే చెక్, మధ్యలో పోగయ్యే డబ్బు పాట్. చేతికొచ్చిన రెండూ జత అయితే పాకెట్ పెయిర్. ఆ జతకంటే పెద్ద ముక్క ఫ్లాప్‌లో కనిపిస్తే ఓవర్‌కార్డ్. రాజుల జతకి ఓవర్‌కార్డ్ ఆసు ఒక్కటే, అందుకే అది పడ్డప్పుడు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అసలు ఎంత తరచుగా పడుతుంది? ఇది ఈక్విల్యాబ్ లేకుండా కూడా లెక్కేయొచ్చు. మన రెండు ముక్కలు పోగా 50 మిగిలాయి, అందులో 4 ఆసులు, కాబట్టి ఫ్లాప్‌లో కనీసం ఒక్క ఆసైనా వచ్చే అవకాశం 22.6 శాతం. రాణుల జత పట్టుకుంటే ఆసో రాజో పడే అవకాశం 41.4 శాతం. జాకీలకి 57. పదుల జతకైతే దాదాపు 69.5. అంటే జాకీలతో ఫ్లాప్ చూసే మనిషి పెద్ద ముక్క పడిందని ఉలిక్కిపడాల్సిన పనే లేదు, అది సగంకంటే ఎక్కువసార్లు జరిగేదే. రాజులతో మాత్రం నాలుగైదు సార్లకి ఒకసారి, అందుకే అది మనకి పగబట్టినట్టు గుర్తుండిపోతుంది, మిగతా సార్లు ఎవరికీ గుర్తుండవు.

ఇక సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. తెరవగానే ఒక్కో ఆటగాడికి ఒక్కో గడి, కింద బోర్డు గడి, అంటే బల్ల మీద తెరిచిన ముక్కలది. ఆటగాడి గడిలో రెండు ముక్కలైనా ఇవ్వొచ్చు, లేదా ఒక రేంజ్ ఇవ్వొచ్చు. రేంజ్ అంటే అవతలి మనిషి దగ్గర ఉండగలిగిన చేతులన్నీ. 13 అడ్డం 13 నిలువు గళ్ల పట్టిక వస్తుంది, మొత్తం 169 రకాల చేతులు, కావాల్సినవి నొక్కుకుంటూ పోవడమే. ఆ తర్వాత ఎవరికి ఎంత శాతం గెలుపు ఉందో లెక్క వచ్చేస్తుంది.

కొత్తగా వాడేవాళ్లు దాదాపు అందరూ చేసే మొదటి పని ఏంటంటే, మన గడిలో రాజులు, అవతలి గడిలో ఆసు-రాణి పెట్టి, బోర్డులో ఆసు-7-2 వేసి చూడటం. 9 శాతం దరిదాపుల్లో వస్తుంది, మనకి మిగిలింది రెండు రాజులే కదా. చూసి ‘అయిపోయింది, ఫోల్డ్ చేయాల్సిందే’ అంటారు. అదే అవతల తొమ్మిదుల జత పెట్టండి, ఇప్పుడు 9 శాతం వాడిది, మనం 91. అంటే ఈ బోర్డు మీద ముందున్నవాళ్లు చాలా ముందుంటారు, వెనకబడ్డవాళ్లు బాగా వెనకబడతారు, మధ్యలో పెద్దగా ఏమీ ఉండదు. ఒక్క చేతిని పెట్టి చూసి ధైర్యం తెచ్చుకున్నా, భయపడినా, రెండూ ఒకటే పనికిమాలిన పని. రేంజ్ పెట్టాలి.

రేంజ్ పెడదాం. నేను రైజ్ చేశా, బిగ్ బ్లైండ్‌లో (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం పెట్టే సీటు) ఉన్నాయన కాల్ చేశాడు. నా చేతిలో ఆఠీన్ రాజు, డైమండ్ రాజు. ఫ్లాప్ కళావర్ ఆసు, డైమండ్ 7, ఇస్పేట్ 2. ఆయన దగ్గర ఆసు-రాజు గానీ, జాకీల జత నుంచి పైవి గానీ ఉంటే ఫ్లాప్‌కి ముందే మళ్లీ రైజ్ చేసేవాడు అనుకుందాం. మిగిలినవి: ఒకే రంగు (అంటే రెండు ముక్కలూ ఆఠీనో, రెండూ ఇస్పేటో) ఆసులు, పక్కన 2 నుంచి రాణి వరకు, వేరు రంగుల్లో ఆసు-10, ఆసు-జాకీ, ఆసు-రాణి, పదుల వరకు చిన్నా పెద్దా జతలు, ఒకే రంగు రాజు-రాణి, రాజు-జాకీ, రాజు-10, వేరు రంగుల్లో రాజు-రాణి, రాజు-జాకీ, రాణి-జాకీ, ఒకే రంగులో వరసగా వచ్చే రాణి-జాకీ నుంచి 5-4 దాకా, దాంతోపాటు రాణి-10. ఇవన్నీ ఎన్ని రకాలుగా రాగలవో విడివిడిగా లెక్కేస్తే ఆసు ఉన్నవి 58, ఏడుల సెట్టు (చేతిలో ఏడుల జత, బల్ల మీద మూడోది), రెండుల సెట్టు కలిపి 6. మనల్ని ఓడిస్తున్నవి మొత్తం 64. మనం ఓడిస్తున్నవి 106. అంటే ఆసు పడ్డాక కూడా నూటికి 62 సార్లు మన రాజులే పైన ఉన్నాయి!

ఈ సంఖ్య మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు. ఎందుకు ఇలా అంటే, బల్ల మీద ఒక ఆసు కనిపిస్తోందంటే పేకలో ఇంక మూడే ఉన్నాయి, వాడి దగ్గర ఉండటానికి ఉన్న దారులు కూడా తగ్గిపోయాయి. ఆసు కనపడింది కాబట్టి వాడి దగ్గరా ఆసు ఉండి తీరుతుందని మన భయం చెప్తుంది, లెక్క మాత్రం దానికి అడ్డంగా నడుస్తుంది.

ఇక్కడిదాకా సాఫ్ట్‌వేర్‌కి ఐదుకి ఐదు.

ఇప్పుడు అసలు గొడవ. 62 శాతం చూసి ‘ముందున్నాం కదా, బెట్ చేసేద్దాం’ అని పాట్‌లో సగం బెట్ వేశామనుకోండి. ఎవరు కాల్ చేస్తారు? ఆసులు 58, సెట్లు 6, ఎటూ పోవు. ఎనిమిదులు, తొమ్మిదులు, పదుల జతలు 18 ఉంటాయి. ఏడు తగిలిన 8-7, 7-6 ఒక 6. మిగిలిన రాజు-రాణులు, రాణి-జాకీలు, మూడు నుంచి ఆరు దాకా జతలు అన్నీ పారేస్తాడు. మిగిలిన 88లో మనం ఓడించేవి 24 మాత్రమే. 62 కాస్తా 27 శాతానికి వచ్చింది. మన బెట్టే మనకి పనికొచ్చే చేతుల్ని బయటికి తోలేసి, మనల్ని కొట్టే చేతుల్ని లోపల ఉంచింది. టర్న్‌లో మళ్లీ బెట్ చేస్తే ఇంకా దిగుతుంది.

అదే పాట్‌లో మూడో వంతు మాత్రమే బెట్ చేస్తే? చిన్న బెట్ కాబట్టి మూడు నుంచి ఆరు వరకు ఉన్న జతలూ కాల్ చేస్తాయి, ఇంకో 24. అప్పుడు కాల్ చేసే 112లో మనవి 48, అంటే 43 శాతం. ఇంకా సగానికి తక్కువే, కానీ ఆయన చాలా చేతులు అక్కడికక్కడే వదిలేస్తాడు, పాట్ చిన్నదిగానే ఉంటుంది. ఏమీ బెట్ చేయకుండా చెక్ చేస్తే 62 శాతం అలాగే ఉంటుంది, అవతలి మనిషికి బ్లఫ్ చేయాలన్న ఆశ కూడా పుడుతుంది. రాజులతో ఆసు ఉన్న పొడి బోర్డు (రంగూ వరసా కలవని ముక్కలు) మీద నా ఓటు చెక్‌కే. టర్న్‌లో ఆయన సగం పాట్ బెట్ చేస్తే కాల్ చేయడానికి మనకి కావాల్సింది 25 శాతం, సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. రివర్‌లో మళ్లీ పెద్ద బెట్ వస్తే, ఎదురుగా ఉన్నది ఎప్పుడూ బ్లఫ్ చేయని ముసలాయన అయితే, రాజులైనా సరే వదిలేయడమే.

ఈ 62, 43, 27 వరస ఉంది చూశారా, ఇది ఈక్విల్యాబ్ మీకు దానంతట అది చూపించదు. అందుకే ఒక మార్కు కోశా. ఫ్లాప్‌కి ముందున్న రేంజ్ పెట్టి బటన్ నొక్కితే అది ఒక శాతం ఇచ్చి ఊరుకుంటుంది. మనం బెట్ చేశాక అవతలి మనిషి ఏవి వదిలేస్తాడో అది దానికి తెలియదు, మళ్లీ పట్టిక తెరిచి ఆ గళ్లు ఒక్కొక్కటీ మనమే తీసేయాలి. తక్కెడ లాంటిది అది, పళ్లెంలో ఏం వేస్తే దాన్నే తూస్తుంది, మీరు సగం కూరగాయలు వేయడం మరిచిపోతే అది గుర్తుచేయదు.

ఈ మాట ఎంత ముఖ్యమో ఇంకో ఉదాహరణతో చూడండి. పైన చెప్పిన రేంజ్‌లో వేరు రంగుల్లో చిన్న ఆసులు వేయలేదు. మూడు ముక్కలాట నుంచి పోకర్‌కి వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడనుకోండి, చేతిలో ఆసు కనిపిస్తే పక్కన 4 ఉన్నా 6 ఉన్నా వదలడు. ఆ ఆసు-2 నుంచి ఆసు-9 వరకు అన్నీ కలిపితే ఇంకో 68 చేతులు చేరతాయి. మనల్ని ఓడించేవి 132 అయ్యాయి, మనం ఓడించేవి 106 అలాగే ఉన్నాయి, 62 శాతం కాస్తా 45 కిందికి దిగింది. అదే ఫ్లాప్, అవే రాజులు, మనిషి మారాడు అంతే. గళ్లు నొక్కే బదులు స్లైడర్ జరిపి 20 శాతం రేంజ్ అని పెట్టుకుని చూసేవాళ్లని చాలామందిని చూశాను, ఆ స్లైడర్ ఇచ్చే 20 శాతం చేతులూ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఆడే 20 శాతం చేతులూ ఒకటి కావు. స్లైడర్ వద్దు, గళ్లు చేత్తో నొక్కండి.

రాణులు, జాకీల సంగతి వేరే, దాన్ని రాజులతో కలిపి ఒకే సలహా ఇచ్చేవాళ్లని నమ్మకండి. రాజుల మీద ఆసు పడ్డాక, మనకంటే వెనక ఉన్నవాడు మనల్ని దాటడానికి దారులు తక్కువ, తొమ్మిదుల జతకి రెండే ముక్కలు. కాబట్టి చెక్ చేసి ఉచితంగా ఒక ముక్క చూపించినా పెద్ద నష్టం లేదు. అదే జాకీల జత పట్టుకుని ఫ్లాప్ రాణి-8-4 వస్తే, ఆసు-రాజు ఉన్నవాడికి ఆరు ముక్కలు పనికొస్తాయి, టర్న్ రివర్ రెండూ చూస్తే అది 25 శాతం. రాణుల జత మీద రాజు పడితే, జత కట్టని ఆసు ఉన్నవాడికి మూడు ముక్కలు, 13 శాతం. అంటే జత చిన్నదయ్యేకొద్దీ ఉచితంగా ముక్క చూపించడం ఖరీదైన పని, అక్కడ చిన్న బెట్‌తో వాళ్లని పంపించేయడంలో అర్థం ఉంది. ఇవన్నీ ఈక్విల్యాబ్‌లో ఒక చేతికి ఎదురుగా ఒక చేయి పెట్టి చూసుకోవడానికి చక్కగా పనికొస్తాయి. ఈ పనికి మాత్రం రేంజ్ అక్కర్లేదు.

నేనుండేది డాలస్ దగ్గర. టెక్సస్‌లో కార్డ్ క్లబ్బుల పద్ధతి వేరు, పాట్‌లోంచి వాటా తీసుకోరు, మెంబర్‌షిప్ కట్టించుకుని కుర్చీకి గంట లెక్కన వసూలు చేస్తారు. గంటకి డబ్బు కట్టి కూర్చున్న మనిషికి ఫోల్డ్ చేయబుద్ధి కాదు కదా, అందుకని ఫ్లాప్‌కి నలుగురైదుగురు రావడం మామూలు. అక్కడ మీ రాజుల మీద ఆసు పడితే లెక్క పూర్తిగా మారుతుంది. ఎదురుగా ఒక్కడే, ఏ రెండు ముక్కలైనా ఉన్నవాడు అనుకుంటే ఆసు ఉండే అవకాశం 12.5 శాతం. అలాంటివాళ్లు నలుగురైతే ఎవరో ఒకరి దగ్గర ఆసు ఉండే అవకాశం 43.6. ఇది చేతికొచ్చిన ఏ రెండు ముక్కలతోనైనా అందరూ కూర్చుంటే వచ్చే లెక్క, నిజానికి ఆసు ఉన్నవాళ్లే ఎక్కువగా మిగులుతారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా పైనే. ఐదుగురి పాట్‌లో ఎవరైనా గట్టిగా బెట్ చేస్తే రాజుల్ని పారేయడానికి నాకు రెండో ఆలోచన ఉండదు. ఈక్విల్యాబ్‌లో నలుగురికి నాలుగు రేంజ్‌లు పెట్టుకోవచ్చు, కొంచెం విసుగు పని, కానీ చేయండి, ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

మళ్లీ మళ్లీ రైజ్ అయిన పాట్ ఇంకో రకం. మనం రాజులతో నాలుగో బెట్ దాకా వెళ్లాం, అవతలి మనిషి కాల్ చేశాడు, ఫ్లాప్‌లో ఆసు. వాడి దగ్గర ఆసుల జత, ఆసు-రాజు, ఒకే రంగు ఆసు-రాణి, రాణుల జత, జాకీల జత ఉండొచ్చు అనుకుంటే, మనల్ని కొట్టేవి 3, 6, 3 కలిపి 12, మనం కొట్టేవి 6, 6 కలిపి 12. సరిగ్గా సగం సగం. మన చేతిలో రెండు రాజులు ఉండటం వల్లే ఆసు-రాజు 6కి తగ్గింది, రాణులు పట్టుకుని ఉంటే అది 12 అయ్యేది. మిగిలిన చిప్స్ పాట్‌తో పోలిస్తే కొంచెమే ఉంటే ఇక్కడ వదలడం కష్టం, నేనైతే చెక్ చేసి వాడిని కదలనిస్తా.

ఇంతకుముందు ఒక వీడియో కోర్సు డబ్బు కట్టి చూశా, పేరు అనవసరం. ఈ సందర్భం గురించి అందులో చెప్పిందల్లా ఒక్క ముక్క: ‘బెట్ చేసి మీరు ఎక్కడున్నారో తెలుసుకోండి.’ ఆసు-6 ఉన్నవాడూ కాల్ చేస్తాడు, తొమ్మిదులు ఉన్నవాడూ కాల్ చేస్తాడు, ఇద్దరి మొహాలూ ఒకేలా ఉంటాయి, ఏం తెలిసింది? డబ్బు పెట్టి తెలుసుకున్నది సున్నా. పైన చెప్పిన 27 శాతం లెక్క ఆ కోర్సులో ఒక్క నిమిషం చూపించి ఉంటే నేను ఇంత కోపంగా రాసేవాణ్ని కాదు.

సాల్వర్ల సంగతేంటి అని అడుగుతారు. పియోసాల్వర్ లాంటివి ఇంకో మెట్టు పైన ఉంటాయి, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరు ఎన్నిసార్లు చెక్ చేయాలో ఎన్నిసార్లు బెట్ చేయాలో లెక్కగడతాయి. కానీ వాటికీ మొదట రేంజ్‌లు ఇవ్వాల్సింది మనమే. క్లబ్బులో నా పక్కన కూర్చునే ఆయన సాల్వర్‌లా ఆడడు, ఆయన ఆడేది ఆసు తెలుగు సీరియల్ హీరోయిన్ అన్నంత ప్రేమతో. చిన్న పందేలకి ఆడేవాళ్లు అంత డబ్బు పెట్టే ముందు ఈ ఉచితమైనదాన్ని పూర్తిగా వాడి చూడండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రాష్ట్రాల గేమింగ్ చట్టాలను మార్చి అంతకుముందే ఆపేశారు. ఈక్విల్యాబ్‌లో డబ్బు ఆటేమీ లేదు, అది లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రమే, నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. మాండవి నది మీద గోవా క్యాసినో ఓడల్లో కూర్చునే అలవాటున్నవాళ్లకి కూడా పైన చెప్పిన నలుగురి లెక్కే ఎక్కువ పనికొస్తుంది.

బాగున్నవి ఇంకో రెండు: రేంజ్‌లు పేరు పెట్టి దాచుకోవచ్చు, అందువల్ల ‘ఏ ఆసైనా వదలని మనిషి’ అని ఒకటి, ‘గట్టి మనిషి’ అని ఒకటి తయారు చేసి పెట్టుకుంటే ఆట అయ్యాక ఇంటికొచ్చి చేతుల్ని సరిచూసుకోవడం చిటికెలో పని. ఈక్విటీ, అంటే గెలుపు శాతం, ఊహించే చిన్న ట్రైనర్ కూడా ఇందులోనే ఉంది, కాసేపు కూర్చుంటే శాతాలు కళ్లకి అలవాటవుతాయి. బాగోనిది: రూపం, అక్షరాలు మరీ చిన్నవి. పెద్ద స్క్రీన్ లేకపోతే గళ్లు నొక్కడం నరకం.

నాకు కావాల్సింది ఒకటే. రేంజ్‌లో ఈ చేతులు వదిలేస్తాడు, ఇవి ఉంచుకుంటాడు అని విడదీసి రెండు శాతాలూ పక్కపక్కన చూపించే సదుపాయం. ఫ్లాప్‌జిల్లా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో బోర్డుకి రేంజ్ ఎలా తగిలిందో రకాలవారీగా విడదీసి వడగట్టుకోవచ్చు, కాకపోతే అది కొనాలి. నేను ఇంకా కొనలేదు, పెన్నూ కాగితంతో 58లూ 64లూ కూడుకుంటూ నెట్టుకొస్తున్నా.